విశ్వవిద్యాలయముల తారతమ్యము

విశాఖపట్టణము తూకముల పట్టణము. 1933లో ప్రారంభమైన ఓడరేవు తన యెగుమతి దిగుమతులను ఏటేట టన్నులలో లెక్క చూపును. ఉక్కు కర్మాగారము తన ఉత్పత్తి శక్తి సాలుకు 73 లక్షల టన్నులని చెప్పుకొనును. రేవులలో ఏది పెద్దది, కర్మాగారములలో ఏది మిన్న యను ప్రశ్నకు తూకమే సమాధానము. అందు వివాదమునకు తావు తక్కువ. ఈ పట్టణముననే 1926 నాటి చట్టముతో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కలదు. ఇటీవల దానిని గూడ ఇట్టి త్రాసునకే ఎక్కించుచున్నారు. ఏటేట వెలువడు వరుస సంఖ్యను జూచి జనులు ఒక యేడు పొంగుచు, మరియొక యేడు క్రుంగుచు నున్నారు. ఆ సంఖ్య యేమి చెప్పగలదో, యేమి చెప్పజాలదో విచారించుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును అవసరము.

ఈ పట్టికల చరిత్ర పాతది గాదు. చైనాలోని షాంగై జియావోటాంగ్ విశ్వవిద్యాలయము 2003లో ప్రపంచ విశ్వవిద్యాలయముల పట్టికను ప్రకటించెను. తమ దేశపు విద్యాలయములు ప్రపంచమందలి మేటి విద్యాలయములకు ఎంత దూరమున నున్నవో తెలిసికొనుటయే దాని మూలోద్దేశము. పూర్వవిద్యార్థులును, ఆచార్యులును పొందిన నోబెల్ బహుమానములకు, ఫీల్డ్స్ పతకములకు అందు నూటికి 30 పాళ్లు. మరుసటి యేట లండనునుండి వెలువడిన పట్టిక పండితుల యభిప్రాయమునకు పెద్దపీట వేసినది. భారత ప్రభుత్వము 2015లో ఒక జాతీయ విధానమును నెలకొల్పి, 2016 మొదలు పట్టికలను ప్రకటించుచున్నది. ఇందలి నూరు మార్కులలో బోధనకును, వనరులకును 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితములకు 20, స్త్రీలకు, బీదలకు, వెనుకబడినవారికి, ఇతర ప్రాంతములవారికి కల్పించు అవకాశములకు 10, లోకమందలి పేరునకు 10.

ఈ పట్టికలో విశ్వవిద్యాలయముల తరగతియందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 2023లో 43వ స్థానమును, 2024లో 25వ స్థానమును లభించినవి. ఒక్క యేట పదునెనిమిది మెట్లు! సంతోషింపదగిన విషయమే. కాని ఒక్క యేటిలో ఆచార్యుల పాండిత్యము, ప్రయోగశాలల సంపత్తి, విద్యార్థుల బుద్ధిబలము అంతగా మారిపోవునా? పట్టిక నడిమి భాగమున సంస్థల మార్కులు ఒకదానికొకటి మిక్కిలి చేరువగా నుండును. అచ్చట కొలది మార్కుల తేడా పెక్కు మెట్ల తేడాగా కనబడును. పైకి ఎక్కించిన ఆ స్వల్పభేదమే మరియొక యేట క్రిందికి దింపగలదు. కావున సంఖ్య మారినంత మాత్రమున విద్య మారినదని తలచుట తొందరపాటు.

పేరునకిచ్చు మార్కుల సంగతి మరింత చిత్రమైనది. పేరున్న సంస్థకు మార్కులు వచ్చును. మార్కులు వచ్చిన సంస్థకు పేరు పెరుగును. ఈ చక్రములో పడినవాడు పైననే యుండును. వెలుపలనున్నవాడు ప్రవేశించుట దుర్లభము. సంస్థలు తామే సమర్పించు లెక్కలు గూడ ఎల్లప్పుడును నమ్మదగినవి గావు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయము ఒక ప్రసిద్ధ పట్టికలో రెండవ స్థానమున నుండగా, దాని లెక్కలు సరిగా లేవని 2022లో అచ్చటి గణితాచార్యుడే బయటపెట్టెను. ఆ యేటనే అది పదునెనిమిదవ స్థానమునకు దిగినది. మన దేశమున గూడ ఏడు ఐ.ఐ.టి.లు 2020లో ఒక లండను పట్టికకు, దాని పద్ధతి స్పష్టముగా లేదని, దూరముగా నిలిచినవి.

ఇక ఏ పట్టికయు చూడజాలని విషయములు కొన్ని కలవు. బెజవాడలో ఆరంభమై 1930లో వాల్తేరునకు తరలిన ఈ విశ్వవిద్యాలయమును కట్టమంచి రామలింగారెడ్డిగారు, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు నడపిరి. జయపురాధీశుడు విక్రమదేవవర్మగారు భూరివిరాళముతో దాని విజ్ఞానశాస్త్ర కళాశాలను పోషించిరి. 1933లో రవీంద్రనాథ ఠాకూరుగారు వచ్చి మానవుని గూర్చి యుపన్యసించిరి. 1940 ప్రాంతమున ఇచ్చట గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారికి 2023లో సంఖ్యాశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము లభించినది. విత్తు నాటినది ఆనాడు. లోకము ఫలమును గుర్తించినది ఎనుబదేండ్లకు. ఏ యేటి పట్టిక ఈ లెక్కను పట్టగలదు?

తల్లి పంచి యిచ్చిన సొత్తును గూడ పట్టిక చూడదు. గుంటూరులో ఈ విశ్వవిద్యాలయము నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రమే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైనది. శ్రీకాకుళము చెంత ఎచ్చెర్లలోని కేంద్రము 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయమైనది. పాడేరు కొండలనుండి, ఉద్దానపు పల్లెలనుండి వచ్చి, తన వంశమున మొదటి పట్టభద్రుడగు విద్యార్థి నడచిన దూరమును కొలుచుటకు పది మార్కుల గడి యెట్లు చాలును? పేరునకును పదే, ఇట్టివారికిచ్చు అవకాశములకును పదే యనుట ఆలోచింపదగినది.

అట్లని పట్టికను పారవేయుమనుట గాదు. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత యెంత తప్పో, పెరటిది గనుక దానినే మెచ్చుకొనుటయు అంతే తప్పు. పట్టికవలన సంస్థల లెక్కలు బహిరంగమైనవి. ఒకప్పుడు ప్రజలు వానిని అడిగి తెలిసికొనుటయే కష్టము. రాష్ట్రమందలి విశ్వవిద్యాలయములలో పెక్కు ఆచార్య పదవులు చిరకాలము ఖాళీగా నుండుట అందరెరిగినదే. విద్యార్థుల సంఖ్యకు తగిన ఆచార్యులు లేనిచో పట్టిక మార్కులు తగ్గించును. అట్టి వేళ నిందింపవలసినది పట్టికను గాదు; పదవులను నింపనివారిని.

ఇంటరు ముగించిన విద్యార్థి ఏమి చేయవలెను? మొత్తము సంస్థ స్థానమును గాక, తాను చదువబోవు శాఖను విచారింపవలెను. అందు స్థిరముగా నున్న ఆచార్యులెందరు? ప్రయోగశాల తెరచి యుండునా? గ్రంథాలయమున సాయంకాలము కూర్చుండ వీలగునా? నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడేమి చేయుచున్నారు? రుసుము తండ్రి భరింపగలడా, విద్యార్థి వేతనము సకాలమున అందునా? ఈ ప్రశ్నలకు సమాధానములు పట్టిక మొదటి పుటలో దొరకవు. అచ్చటికి వెళ్లి చదువుచున్నవారినే అడుగవలెను. ఉపాధ్యాయులు ఆ పట్టికను తరగతికి దెచ్చి, ఏ మార్కు దేనికి వచ్చినదో పిల్లలచేతనే విడదీయించినచో, అది వారికి గణితమునందును, లోకజ్ఞానమునందును మంచి పాఠమగును.

ఉక్కు కొలిమినుండి వెలువడిన నాడే తూగును. చదువుకొన్నవాడు తూగుటకు కొన్ని యేండ్లు పట్టును. ఈ భేదమును మరువకున్న, వరుస సంఖ్య యెంత పెద్దదైనను చిన్నదైనను, విద్యార్థికి కీడు చేయజాలదు.