ఒక్కడి పరుగుతో బంతి దక్కదు

గ్రామాల ఫుట్‌బాల్ పోటీల్లో తరచూ కనిపించే దృశ్యమొకటి ఉంది. బంతి ఎదుటి జట్టు వద్ద ఉండగా ఒక కుర్రవాడు ఒంటరిగా దూసుకువెళతాడు. తక్కినవారు నిలబడి చూస్తారు. ఎదుటివాడు తాపీగా బంతిని పక్కవాడికి అందిస్తాడు. నాలుగైదుసార్లు అలా జరిగేసరికి కుర్రవాడు అలసిపోతాడు, గోలు పడుతుంది, చూసేవారంతా అతన్నే తిడతారు. నిజానికి తప్పు అతనిది కాదు, కలిసి కదలడం నేర్పని శిక్షణది.

ఎదుటి జట్టుకు ఊపిరి సలపనీయకుండా మూకుమ్మడిగా మీదికి వెళ్లి బంతి చేజిక్కించుకోవడాన్ని ప్రెస్సింగ్ అంటారు. ఇది చెరువులో వల లాగడం వంటిది. ఒక కొస వదులైతే చేపలన్నీ అటే జారుకుంటాయి. బంతికి దగ్గరున్నవాడు ఎదుటివాణ్ణి పక్క గీత వైపు మళ్లించాలి. రెండోవాడు దగ్గరి పాస్‌కు అడ్డు నిలవాలి. అదే క్షణంలో వెనుక వరుస కూడా ముందుకు జరగాలి. వారు గోలు ముందే పాతుకుపోతే నడుమ ఖాళీ ఏర్పడి అందరి శ్రమా వృథా అవుతుంది. వారు జరిగాక వెనుక మిగిలే ఖాళీని గోల్‌కీపర్ కనిపెట్టుకుని ఉండాలి. ఎదుటివాడి కాలికి బంతి సరిగా అందనప్పుడు, అతడు వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు కదలడమే అదను. అదను తప్పితే అందరూ కలిసి వెనక్కి తగ్గాలి.

ఇటలీకి చెందిన అర్రిగో సాక్కి పెద్ద ఆటగాడేమీ కాదు, ఒకప్పుడు బూట్లు అమ్మినవాడు. 1987లో మిలాన్ జట్టుకు శిక్షకుడైన ఆయన, బంతి లేకుండానే ఆటగాళ్లను మైదానంలో నిలిపి, బంతి ఫలానా చోట ఉందనుకోమని చెప్పి అందరినీ ఒక్కసారిగా కదిలించేవాడు. ఆ జట్టు 1989లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో ఓడించింది. 1989, 1990లలో వరుసగా యూరోపియన్ కప్ గెలిచింది.

మంచి శిక్షకుడి విలువ తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

సాక్కి చేయించిన సాధనకు ఖర్చు లేదు. ఖాళీ స్థలం, ఒక ఈల, ఓపిక గల మాస్టారు ఉంటే చాలు. వ్యాయామోపాధ్యాయులు, యువజన సంఘాలవారు వారానికి రెండు సాయంత్రాలైనా ఇందుకు కేటాయించవలసి ఉంది. ఓడిన రోజున ఒక్క కుర్రవాణ్ణి నిందించే ముందు, తక్కిన పదిమందికి ఏం నేర్పామని పెద్దలు తమను తాము ప్రశ్నించుకోవాలి.