దోషము ఇంటిలోనా, త్రోవలోనా?

ఇంటిలో ఇంటర్నెట్టు చక్కగా వచ్చుచుండును. వార్తలు తెఱచుకొనును, సినిమాలు ఆడును, బ్యాంకు పనులు సాగును. పిల్లవాని ఆన్‌లైన్ ఆట మాత్రము లాగిన్ కాదు. అంతట నింద వానిపై పడును: "నీవే యేదో చెడగొట్టితివి!" కంపెనీవారిని అడిగినచో, "మా లైను బాగుగనే యున్నది, మీ కంప్యూటరే చెడినది" అందురు. క్రొత్త రూటరు కొన్నను చిక్కు తీఱదు. దోష మెచ్చట నున్నదో తెలియకమునుపు ఒకరిని నిందించుటయు, పైకము వెచ్చించుటయు తగదని మా మనవి.

మన రూటరు నుండి బయలుదేరిన సమాచారము మన కంపెనీవారి యంత్రములను దాటి, ఇతర సంస్థల యంత్రముల చేతులు మాఱుచు, ఆటవారి లాగిన్ సర్వరును చేరును. ఏ గమ్యమునకు ఏ త్రోవయో ఈ సంస్థలు ఒండొరులకు చాటుకొను పద్ధతికి బీజీపీ యని పేరు. ఆ చాటింపు తప్పినచో ఒక్క గమ్యమే మూతపడి, తక్కినవి నడచుచుండవచ్చును. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తన దేశమున యూట్యూబును అడ్డుటకై చేసిన చాటింపు ఇతర దేశములకు ప్రాకి, సుమారు రెండు గంటలు లోకమున పెక్కుచోట్ల యూట్యూబు అందలేదు. నాడు ఆ యిండ్లలోని కంప్యూటర్ల దోషమేమియు లేదు.

ఇక పరీక్షలు. మొదట ఆటవారి వెబ్‌సైటులో సర్వర్ల స్థితిని చూడుడు. అందఱికిని నిలిచిపోయినచో వేచియుండుటయే మార్గము. లేనిచో రూటరును ఒకమారు ఆపి మరల పెట్టుడు. పిమ్మట వేఱొక కంపెనీ సిమ్ము గల సెల్‌ఫోను హాట్‌స్పాటుతో అదే కంప్యూటరును కలిపి, అదే ఖాతాతో లాగిన్ చేయించుడు. సిమ్ము బ్రాడ్‌బాండు కంపెనీదే యైనచో త్రోవయు ఒక్కటే కావచ్చును గనుక ఈ పరీక్ష నమ్మదగదు. అప్పుడును లాగిన్ కానిచో ఖాతానో కంప్యూటరునో పరిశీలింపవలయును. అయినచో అవి రెండును నిర్దోషములు. ఇంటి రూటరో, బయటి త్రోవయో తేల్చవలసియుండును.

అందుకై విండోస్ కమాండ్ ప్రాంప్టులో ట్రేసర్ట్ అను ఆజ్ఞ వ్రాసి, ఆటవారు తెలిపిన సర్వరు చిరునామాను చేర్చుడు. త్రోవలోని మజిలీలు వరుసగా కనుపించును. నడుమ నక్షత్రపు గుర్తులు వచ్చినంతమాత్రమున భయపడనక్కఱలేదు. కొన్ని యంత్రములు జవాబీయకయే సమాచారమును సాగనంపును. ఇదే పరీక్షను హాట్‌స్పాటుతోను చేసి, రెంటిని పోల్చుడు. హాట్‌స్పాటుతో చివఱకు చేరి, బ్రాడ్‌బాండుతో కంపెనీ మజిలీల పిమ్మట ఆగిపోవుచున్నచో, అనుమానము త్రోవపైననే నిలుచును.

ఈ ఫలితములను ఫొటో తీసి, తేదీని గంటను చేర్చి, కంపెనీకి పంపి, ఫిర్యాదు సంఖ్యను తప్పక అడిగి వ్రాసికొనుడు. 2012 నాటి ట్రాయ్ నియమముల ప్రకారము, ఫిర్యాదు తీఱనిచో ఆ కంపెనీయొక్క అప్పీలు అధికారికి విన్నవింపవచ్చును. వీనిలో దేనికిని పాస్‌వర్డు ఒరులకు చెప్పనవసరము లేదు, అడిగినచో చెప్పకుడు.

"నెట్టు రాదు" అను మాటకు కంపెనీవారు చెప్పు సమాధానము మన మెఱిగినదే. "ఈ మజిలీ దాటుట లేదు, వేఱు లైనులో దాటుచున్నది" అని తల్లి పలికినచో వారు తమ యంత్రములను చూడక తప్పదు. పరీక్షవేళ పిల్లవానిని ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడు. తన తప్పు లేదని వాడు కన్నులార చూచుకొనును.