మన జబ్బుల చిట్టా ఎవరి చేతిలో?

ఆశా అక్క ఫోన్ పట్టుకొని వాడకొస్తుంది. "ఆధార్ తియ్యండి. ఫోన్‌కి ఓటీపీ వస్తది, చెప్పండి" అంటుంది. చెప్తాం. 14 అంకెల నంబరొకటి పుడుతుంది. దాని పేరు 'ఆభా'. పని అయిపోయిందంటారు. ఏం అయిపోయిందో మనకెవరూ చెప్పరు. ఆ అక్కకి కూడా ఎవరూ సరిగా చెప్పలేదు. ఆమె మన వాడబిడ్డే. ఆమెతో మనకి పేచీ లేదు. పేచీ ఆమెకి లెక్క అప్పజెప్పి పంపిన పెద్దలతో.

ముందు ఇదేమిటో తెలుసుకుందాం. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అని కేంద్ర ప్రభుత్వం 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలుపెట్టింది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ తెచ్చింది. పీహెచ్‌సీలో రాసిన చీటీ, ఏరియా ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్ష, పట్నంలో తీసిన ఎక్స్‌రే, వీటన్నిటినీ ఆ నంబరు దారంలా గుచ్చుతుంది. 'క్లౌడ్' అంటే మబ్బు. కానీ మన జబ్బు మబ్బుల్లో ఉండదు. ఎక్కడో గదుల నిండా పేర్చిన కంప్యూటర్లలో ఉంటుంది. ఎక్కడి ఆసుపత్రైనా నెట్ మీద దాన్ని తెరిచి చూడొచ్చు. అయితే మనం ఒప్పుకుంటేనే చూడాలి. ఇది మేం పెట్టిన షరతు కాదు, పథకం రాతల్లో ఉన్న మాటే.

మేం కంప్యూటర్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఇది అందరికంటే ఎక్కువ కావలసింది మనకే. దొరకి సొంత డాక్టరుంటాడు, ఇంట్లో బీరువా ఉంటుంది, బీరువాలో ఫైలుంటుంది. మన చీటీ చూరులో ఉంటుంది. వానకి తడుస్తుంది, ఎలుక కొరుకుతుంది. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పోతే పాత పరీక్ష చెల్లదంటారు. మళ్లీ రక్తం, మళ్లీ డబ్బు, మళ్లీ ఒక కూలి రోజు.

టీబీ సంగతి చూడండి. మందు నెలల తరబడి ఆపకుండా వాడాలి. పాలమూరు నుంచి బొంబాయికి వలసపోయిన మనిషికి నడుమ మందు ఆగితే మొండి టీబీ అవుతుంది. 2012 నుంచి టీబీ రోగుల వివరాలు 'నిక్షయ్' అనే కంప్యూటర్ చిట్టాలో ఎక్కుతున్నాయి. పేరు అందులో ఉంటే, పోయిన ఊళ్లో మందు అందించే దారుంటుంది. తిండికిచ్చే డబ్బులు కూడా ఆ చిట్టాను బట్టే వస్తాయి. 2018లో నెలకి 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు. చిట్టా సరిగా ఉంటే ప్రాణం నిలుస్తుంది. కాదనం.

కానీ చిట్టా డాక్టరు కాదు. 2019 నవంబరులో 'ఈ-సంజీవని' వచ్చింది. ఊళ్లో నర్సమ్మ పక్కన కూర్చుంటే పట్నం డాక్టరు తెర మీద మాట్లాడతాడు. షుగరుకి, బీపీకి, చర్మం జబ్బుకి మంచిదే. పాము కరిస్తే తెర మీద నుంచి సూది పడుతుందా? కాన్పు అడ్డం తిరిగితే డాక్టరు తెరలోంచి చేయి చాపుతాడా? తెర ఇచ్చాం కదా అని డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచితే, అది సాయం కాదు, ఎగవేత.

ఇక అసలు సంగతి. చిట్టా చూసేదెవరు? ఊళ్లో గుట్టు ఎంతసేపు నిలుస్తుందో మనకి తెలుసు. టీబీ అని తెలిస్తే గ్లాసు వేరవుతుంది. హెచ్‌ఐవీ అని తెలిస్తే కూలికి పిలవరు. కులం పేరుతో చేసిన అంటరానితనం జబ్బు పేరుతో ఇంకోసారి మన గుమ్మానికొస్తుంది. దొరకి గుట్టు బయటపడితే సిగ్గు. మనకి కూడు పోతుంది. సొంత గుట్టు పౌరుడి ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు తేల్చారు. 2023 డేటా చట్టం ప్రకారం ఒప్పుకోలు అడిగే కాగితం తెలుగులో కావాలంటే తెలుగులో ఇవ్వాలి. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అన్నీ ఒక్కసారే కాదు, విడతలుగా అమలు పెడతామన్నారు. విడతల దాకా మనం నోరు మూసుకోవాలా? ఓటీపీ చెప్పడం ఒప్పుకోవడం కాదు. అర్థమై ఒప్పుకుంటేనే ఒప్పుకోలు.

కంప్యూటర్ కూడా పడిపోతుంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. రోజుల తరబడి అంత పెద్ద ఆసుపత్రి చేత్తో రాసుకుంటూ నడిచింది. ఢిల్లీలోనే అట్లయితే, నాలుగు చినుకులకే కరెంటు పోయే మన పీహెచ్‌సీ మాటేమిటి?

ఇంకొకటి. చిట్టాలో ఏం రాస్తున్నారు? క్రషర్ దుమ్ము మింగినవాడికి 'ఊపిరితిత్తుల జబ్బు' అని రాస్తారు. పత్తిచేనుకి మందుకొట్టి పడిపోయిన కూలికి 'వాంతులు' అని రాస్తారు. మురికిగుంతలో దిగినవాడికి 'ఊపిరాడలేదు' అని రాస్తారు. చేసిన పని రాయరు. పని రాయకపోతే పని చేయించినవాడు తప్పించుకుంటాడు. పని రాస్తే ఆ చిట్టాయే రేపు నష్టపరిహారానికి సాక్షి. అందుకే చిట్టా వద్దని కాదు, చిట్టా మనదని అంటున్నాం.

మేం అడిగేవి ఇవి:

1. నంబరు లేదని ఏ ఆసుపత్రీ వైద్యం ఆపకూడదు. ఈ నంబరు తీసుకోవడం మన ఇష్టమని తెలుగులో గోడ మీద పెద్దక్షరాలతో రాయాలి.

2. ఒప్పుకోలు అడిగే ముందు తెలుగులో, ఆదివాసీ గూడేల్లో వాళ్ల భాషలో, చదివి వినిపించాలి.

3. చూసిన ప్రతిసారీ రోగి చేతికి కాగితం ఇవ్వాలి.

4. మన చిట్టా ఎవరు, ఎప్పుడు తెరిచారో అడిగితే చూపాలి.

5. రోగి కోరితే చేసే పని, పని చేయించినవాడి పేరు రాయాలి.

6. ఖాళీ డాక్టరు, నర్సు పోస్టులు నింపాలి. ఆశా అక్కలకి ఈ ఫోన్ పనికి వేరే కూలి కట్టాలి.

సంఘం సాథులారా! ఈ పక్షంలో వాడకొక కూటం పెట్టండి. ఎవరెవరికి నంబరు వేశారో, చెప్పి వేశారో చెప్పకుండా వేశారో రాయండి. చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి ఫోన్‌లో ఏముందో పెద్దలకి చదివించండి. ఆ జాబితాతో పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పదిమందిగా పోదాం. ఒక్కరు పోతే రేపు రమ్మంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు.

వేలిముద్ర వేయించుకొని మన భూములు రాయించుకున్న కాలం మన తాతలు చూశారు. ఓటీపీ చెప్పించుకొని మన ఒళ్లు రాయించుకునే కాలం మనం రానివ్వొద్దు.