జాతకం ఎవరూ అడగలేదు

నలభై ఏడేళ్ల వయసులో నేను పని వెతుక్కుంటూ కువైట్ వెళ్లాను. "ఆ వయసులో పరదేశంలో పని దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి" అని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. రాసిపెట్టి ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఎక్కడ రాసి ఉండాలన్నదే మా మధ్య తేడా. నుదుటి మీదనా, కాగితం మీదనా?

ముందు నా సంగతి కొంత చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చాడు. ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో మన ప్రభుత్వం 1955 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ నాలుగేళ్లలో మట్టిపనికి, కాంక్రీటు పనికి మన ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వాళ్లలో మా నాన్న ఒకడు. చదువు లేదు, చేతిలో పని లేదు. ఖలాసీగా చేరి, ప్లాంటులోనే పని నేర్చుకున్నాడు. రిటైరయ్యేనాటికి ఆయనకు సర్వీసు పుస్తకం ఉంది. ఏ తేదీన చేరాడు, ఏ తేదీన ప్రమోషన్ వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి.

నాకు ప్లాంటు ఉద్యోగం రాలేదు. 1994లో హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో ఒక ఫాబ్రికేషన్ షెడ్డులో ఫిట్టరుగా చేరాను. ఖుర్సీపార్‌లో మా ఇంటి నుంచి రోజూ సైకిలు మీద వెళ్లేవాడిని. ప్లేట్లు కోసి, వంచి, అతికించి హాపర్లు, చూట్లు, కన్వేయరు ఫ్రేములు తయారు చేసేవాళ్లం. డ్రాయింగు చూసి కాగితం మీద టెంప్లేటు గీసి, దాన్ని ప్లేటు మీద దించి కోయడం నా పని. 21 ఏళ్లు చేశాను. జీతం కాంట్రాక్టరు చేతి నుంచి వచ్చేది. సంతకం పెట్టిన రిజిస్టరు కాంట్రాక్టరు దగ్గరే ఉండేది. అపాయింట్‌మెంట్ లెటరు లేదు. పీఎఫ్ లేదు. అడగాలని తోచలేదా అంటే, తోచింది. అడిగినవాడు మర్నాటి నుంచి గేటు బయట ఉంటాడన్న సంగతి కూడా తోచింది.

2015లో ఉక్కు ధరలు పడిపోయాయి. ఆర్డర్లు తగ్గాయి. ఆ ఏడాది చివర మా షెడ్డు మూతపడింది.

మా అమ్మ పంతులు గారి దగ్గరికి వెళ్లింది. "బాబుకి ఏలినాటి శని నడుస్తోందట నాయనా, నీలం పెట్టుకుంటే విదేశీ యోగం ఉందట" అని వచ్చి చెప్పింది. ఉంగరం ధర ఆరు వేల రూపాయలు. అప్పటికే నేను హేతువాద సంఘంలో సభ్యుణ్ని. అమ్మకు లెక్క వేసి చూపించాను. ఏలినాటి శని అంటే శని మూడు రాశుల్లో ఉన్న ఏడున్నర ఏళ్లు. రాశులు మొత్తం పన్నెండు. అంటే ఏ రోజు చూసినా పన్నెండింట మూడు రాశుల వాళ్లకు, దాదాపు నాలుగో వంతు జనానికి ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. మరి మా షెడ్డు మూతపడ్డప్పుడు అక్కడ పనిచేసే అన్ని రాశుల వాళ్లకూ పని పోయింది కదా! అమ్మ శ్రద్ధగా విని, మర్నాడు వెళ్లి ఉంగరం కొనుక్కొచ్చింది. నేను పెట్టుకోలేదు. నా వాదన గెలిచిందనుకున్నాను.

ఆ నెలలోనే ఒక ఏజెంటుకు లక్షా ఇరవై వేలు ఇచ్చాను. అందులో ఎనభై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి.

ఏజెంటు ఏం చూపించాడు? కువైట్ వెళ్లి ఇల్లు కట్టుకున్న ఇద్దరి పేర్లు చెప్పాడు. ఫిట్టరు పని, నెలకు 140 దినార్లు అన్నాడు. ట్రేడ్ టెస్టు అని చెప్పి ఒక షెడ్డులో రెండు ముక్కలు అతికించమని, "పాస్" అన్నాడు. అతనికి లైసెన్సు ఉందా అని నేను అడగలేదు. ఒప్పందం కాగితంలో ఏముందో చదవలేదు. అది అరబ్బీలో ఉంది, పక్కన ఇంగ్లీషు ఉంది. ఇంగ్లీషు భాగం చదవడానికి నాకు పది నిమిషాలు పట్టేది.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తుంది, సిగ్గూ వేస్తుంది. అబ్రహాం కోవూర్ అతీంద్రియ శక్తులు ఉన్నాయని రుజువు చేసినవారికి లక్ష రూపాయలు ఇస్తానని సవాలు చేశాడని నేను సమావేశాల్లో చెప్పేవాణ్ని. ఆరువేల ఉంగరానికి రుజువు అడిగిన నేను, లక్షా ఇరవై వేల మాటకు అడగలేదు. చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అంటారు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వీసా వస్తే వచ్చి నూట ఎనిమిది చేస్తారు. వీసా రానివాళ్లు తిరిగి వచ్చి లెక్కలో నిలబడరు కదా అని నేను ఎద్దేవా చేసేవాణ్ని. ఏజెంటు చెప్పిన ఆ ఇద్దరూ నూట ఎనిమిది చేసినవాళ్లే. అప్పుల్లో మునిగి తిరిగి వచ్చినవాళ్లు ఎంతమంది అని నేను అడిగానా?

2016 మార్చిలో కువైట్‌లో దిగాను. షుఐబా పారిశ్రామిక ప్రాంతంలో పైపుల వర్క్‌షాపు. మొదటి రోజు ఫోర్‌మన్ మూడు ప్రశ్నలు వేశాడు. ఐటీఐ సర్టిఫికెట్ ఉందా? వెనకటి కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటరు ఉందా? ఎక్కడైనా టెస్టు పాసైన కాగితం ఉందా? మూడింటికీ లేదన్నాను. ఇరవై ఒక్క ఏళ్లు చేశానని చెప్పాను. అతను కోప్పడలేదు, వెటకారం చేయలేదు. "ఆ మాట ఇక్కడికి వచ్చిన ప్రతివాడూ చెబుతాడు. నాకు ఎలా తెలియాలి?" అన్నాడు.

అది నా ప్రశ్నే. ఇరవై ఏళ్లుగా బాబాలను, జ్యోతిష్కులను నేను అడుగుతున్న ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

వీసా కాగితంలో నా వృత్తి హెల్పర్ అని ఉంది. జీతం 80 దినార్లు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఫిట్టరుకు గ్రైండరు అందించేవాణ్ని. వాడు టెంప్లేటు తప్పు గీస్తే నాకు కనబడేది. చెబితే వినేవాడు కాదు. వినాల్సిన అవసరం వాడికేముంది? వాడు ఫిట్టరు, నేను హెల్పరు.

పద్నాలుగు నెలల తర్వాత ఒక ఫిట్టరు సెలవు మీద ఇంటికి వెళ్లాడు. పెద్ద పైపులోకి చిన్న పైపు వాలుగా వచ్చి కలిసే చోట కోత తేలడం లేదు. ఫోర్‌మన్ విసిగిపోయి నన్ను గీయమన్నాడు. పాత కార్డుబోర్డు మీద టెంప్లేటు గీసి, పైపుకు చుట్టి, గుర్తు పెట్టి కోశాను. రెండు పైపులూ సందు లేకుండా కూర్చున్నాయి. మర్నాడు టెస్టు పెట్టించాడు. పాసయ్యాను. అప్పటి నుంచి ఫిట్టరు జీతం వచ్చింది.

లెక్క చూడండి. నెలకు 60 దినార్ల తేడా, పద్నాలుగు నెలలు. 840 దినార్లు. అప్పట్లో దినారు సుమారు 220 రూపాయలు. అంటే లక్షా ఎనభై వేల పైచిలుకు. నా దగ్గర లేని ఒక్క కాగితం ఖరీదు అది. ఏ గ్రహమూ ఇంత కచ్చితంగా వసూలు చేయదు.

ఇక్కడ కొందరు మిత్రులు అడగవచ్చు. వయసు అసలు అడ్డే కాదంటారా? కాదని నేను అనను. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల పట్టికలో 20 నుంచి 29 ఏళ్ల వాళ్లకు వయసు కింద అత్యధిక పాయింట్లు, 45 దాటితే సున్నా. ఆస్ట్రేలియా పాయింట్ల మీద ఇచ్చే వీసాకు 45 లోపు ఉండాలి. కువైట్ 2021లో డిగ్రీ లేని 60 ఏళ్లు దాటిన విదేశీ కార్మికులకు పర్మిట్లు పొడిగించడం ఆపింది, 2022లో అదనపు ఫీజు, బీమా షరతులతో సడలించింది. అన్యాయమా అంటే, నా మట్టుకు అన్యాయమే. కాని ఇవి మనుషులు రాసిన నిబంధనలు. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. నీకు ఎన్ని పాయింట్లు వస్తాయో నువ్వే లెక్క వేసుకోవచ్చు. మనుషులు మార్చితే మారతాయి కూడా. శని దశకు ఈ మూడు లక్షణాలూ లేవు.

చేతికి పని వచ్చినవాడు వయసు వల్ల దాన్ని మర్చిపోడు. కార్డుబోర్డు మీద గీసింది నలభై ఎనిమిదేళ్ల చెయ్యే. పాతికేళ్లవాడికి పని రాకపోయినా "నేర్చుకుంటాడులే" అంటారు. యాభై దగ్గర పడినవాడికి ఆ వెసులుబాటు ఇవ్వరు. వాడు వచ్చేటప్పుడే రుజువు తెచ్చుకోవాలి. ఆ రుజువు పుట్టాల్సిన చోటు కువైట్ కాదు, హథ్‌ఖోజ్.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. భిలాయి ప్రైవేటు కార్ఖానాల కార్మికులు 1990 నుంచి శంకర్ గుహా నియోగి నాయకత్వంలో చేసిన పోరాటంలో బతకగలిగే జీతంతో పాటు పర్మనెంట్ ఉద్యోగం కూడా అడిగారు. పర్మనెంట్ అంటే ఏమిటి? నువ్వు ఇక్కడ పని చేస్తున్నావని యజమాని కాగితం మీద ఒప్పుకోవడం. 1991 సెప్టెంబరు 28న నియోగిని నిద్రలో కాల్చి చంపారు. 1992 జులై 1న పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే పదిహేను మందికి పైగా చనిపోయారు. నేను హథ్‌ఖోజ్‌లో చేరింది దానికి రెండేళ్ల తర్వాత. కాగితం అడగడానికి మేమెందుకు భయపడ్డామో ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ భయం ఎవరి కర్మా కాదు. దానికి తేదీలున్నాయి.

అప్పటికీ ఇప్పటికీ కొన్ని మారాయి. 2014 నుంచి పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబరు ఉంది. యజమాని మారినా నంబరు మారదు, ఎక్కడెక్కడ పని చేశావో అందులో ఉంటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం కార్మికులకు అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వాలి. ఆ కోడ్‌లలో మిగతా విషయాల మీద కార్మిక సంఘాలకు అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి. కాని ఈ ఒక్క లెటరును మాత్రం వదలకుండా అడగాలి. ఇక విదేశం వెళ్లేవాళ్లు ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ సైటులో సరిచూసుకోవాలి. రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోగలిగింది గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడు ఉంగరం అమ్మేవాడి కంటే ప్రమాదకరం.

నేను 2019 డిసెంబరులో తిరిగి వచ్చాను. అప్పు తీరింది, పెద్దగా మిగిలింది లేదు. వచ్చేటప్పుడు ఫోర్‌మన్‌ను అడిగి లెటరు రాయించుకున్నాను. ఒక పేజీ. ఫిట్టరుగా రెండేళ్ల ఏడు నెలలు. ఆ పేజీ చూసే హథ్‌ఖోజ్‌లో ఇంకో షెడ్డులో నన్ను సూపర్‌వైజరుగా తీసుకున్నారు. అదే ఊళ్లో అంతకు ముందు చేసిన ఇరవై ఒక్క ఏళ్ల గురించి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా కింద తొమ్మిదిమంది కుర్రాళ్లు ఉన్నారు. ముగ్గురు మనవాళ్లు, మిగతావాళ్లు ఛత్తీస్‌గఢీ, ఒడియా వాళ్లు. ఎవరు ఏ తేదీన చేరారు, ఏ డ్రాయింగు చదివి ఏ పని పూర్తి చేశారు అని ఒక రిజిస్టరు రాస్తాను. ఎవరైనా మానేసి వెళ్తుంటే దాన్ని చూసి లెటరు టైపు చేయించి, యజమాని చేత సంతకం, స్టాంపు వేయిస్తాను. మొదట్లో యజమాని విసుక్కునేవాడు. ఇప్పుడు పెన్ను చేతిలో పట్టుకునే ఉంటాడు.

మా అమ్మ మాత్రం ఆ నీలం ఉంగరాన్ని తన బీరువాలో పెట్టుకుంది. నేను క్షేమంగా తిరిగి రావడానికి అదే కారణమని ఆవిడ నమ్మకం. నేను వాదించడం మానేశాను. పక్కనే నా కువైట్ లెటరు కూడా దాచమన్నాను, దాచింది. మొన్న మా మేనల్లుడు దుబాయి వెళ్తానని వచ్చాడు. వాడికి ఆ రెంటిలో ఏది తీసి చూపించాలో మీరే ఆలోచించండి.