డిమ్మర్‌కు చిప్ ఎంచుకుంటే చూడాల్సింది టైమర్‌ను

ఎల్‌ఈడీ వెలుతురును పెంచి తగ్గించే చిన్న సర్క్యూట్‌కు ఏ మైక్రోకంట్రోలర్ వాడాలని ఇంజినీరింగ్ విద్యార్థి అడిగితే, సలహాలు రెండు కొసల నుంచీ వస్తాయి. 240 మెగాహెర్ట్జ్ వేగం, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 తీసుకోమని ఒకరంటారు. ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 చాలని మరొకరంటారు. వేగం, సైజు, ధర చుట్టూ తిరిగే ఈ వాదనలో అసలు పనిచేసే భాగం మరుగున పడుతోంది. డిమ్మర్‌లో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. పనంతా చిప్‌లోని టైమర్ చేస్తుంది. కాబట్టి ఎంపిక కూడా దాన్ని బట్టే జరగాలి.

ఎల్‌ఈడీని మసక చేయడమంటే సెకనుకు వందలు, వేల సార్లు ఆర్పి వెలిగించడమే. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. వెలిగి ఉండే వంతు ఎంతో, సగటు వెలుతురు అంత. 8 బిట్ల టైమర్ ఆ వంతును 256 మెట్లుగా విడగొడుతుంది. వినడానికి ఇది ఎక్కువే, కానీ వెలుతురు ఉన్నదానిలో ఎన్నో వంతు మారిందన్నదే కంటికి ముఖ్యం. 200వ మెట్టు నుంచి 201కి వెళ్తే పెరిగేది అర శాతమే, ఎవరికీ తెలియదు. ఒకటి నుంచి రెండుకు వెళ్తే మాత్రం వెలుతురు రెట్టింపవుతుంది. పడకగది దీపం మెల్లగా ఆరాల్సిన చోట కుదుపులతో ఆరేది ఇందుకే. 12 బిట్లయితే 4,096 మెట్లు వస్తాయి, అడుగున కుదుపు బాగా తగ్గుతుంది. రెండో కొలత ఫ్రీక్వెన్సీ. ఐఈఈఈ 2015 నాటి 1789 ప్రమాణం ప్రకారం 1,250 హెర్ట్జ్ దాటితే, పూర్తిగా ఆరి వెలిగే దీపమైనా మినుకు వల్ల కలిగే ముప్పు తక్కువ. 8 మెగాహెర్ట్జ్‌ను 4,096తో భాగిస్తే 1,953 హెర్ట్జ్. అంటే ఆ పాటి వేగం, 16 బిట్ల టైమర్ ఉన్న చిప్ ఏదైనా రెండు కొలతలకూ సరిపోతుంది.

ఈ లెక్కన ఏటీటైనీ85 వెనకబడుతుంది, దాని టైమర్లు రెండూ 8 బిట్లవే. అదే కుటుంబంలోని ఏటీటైనీ84లో, చవకైన సీహెచ్32వీ003లో 16 బిట్లవి ఉన్నాయి. ఆర్డుయినో ఊనోలోనూ ఒకటుంది. కానీ అందులో అనలాగ్‌రైట్ ఫంక్షన్ మామూలుగా ఇచ్చేది 8 బిట్లే, ఎక్కువ పిన్నులపై 490 హెర్ట్జ్‌లో. అక్కడ మార్చాల్సింది ప్రోగ్రామే, బోర్డును కాదు.

కంటికి తగ్గట్టు మెట్లను సర్దే గామా పట్టికతో 8 బిట్ల లోపం సరిదిద్దవచ్చు కదా అంటారు. పట్టిక ఉన్న మెట్లను సర్దగలదు, ఒకటికీ రెండుకూ మధ్య లేని మెట్టును పుట్టించలేదు. రేపు ఫోన్‌తో నడపాల్సి వస్తే ఈఎస్‌పీ32 ఉండటమే మేలన్న వాదనలో కొంత న్యాయముంది, దాని పీడబ్ల్యూఎం కూడా మంచిదే. ఆ అవసరం నిజంగా ఉంటే అదే తీసుకోవాలి. బ్యాటరీ దీపానికి మాత్రం వైఫై మోయలేని భారం. ఒక్క నాబ్ తిప్పితే చాలనుకునేవారికి 1972లో మార్కెట్‌లోకి వచ్చిన 555 ఐసీ ఇప్పటికీ సరిపోతుంది, ప్రోగ్రామే అక్కర్లేదు. ఏ చిప్ పెట్టినా 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ కరెంటును మోసేది బయటి మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరే కాబట్టి, ఖరీదైన చిప్‌తో వెలుతురేమీ పెరగదు. అందుకే ప్రాజెక్టు రివ్యూల్లో బోర్డు పేరు అడిగే ముందు, ఎన్ని బిట్లు, ఎన్ని హెర్ట్జ్ కావాలో లెక్క చూపించమనాలి. ఆ రెండు అంకెలు రాయగలిగిన విద్యార్థికి చిప్ విషయంలో ఇంకొకరి సలహాతో పనిలేదు.