నూరు గజముల ధర్మము

బాలురు పొగాకు పాలు గాకుండ ప్రభుత్వమువారేమియు చేయుట లేదని యెవరేని అన్నచో అది సత్యము గాదు. 2003లో సిగరెట్టులు, ఇతర పొగాకు పదార్థముల చట్టము వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయములకు నూరు గజములలోపల ఎవ్వరికిని అమ్మరాదనియు ఆ చట్టపు ఆరవ విభాగము చెప్పుచున్నది. 2004లో ప్రపంచారోగ్యసంస్థవారి పొగాకు నియంత్రణపు టొడంబడికను మన దేశము స్థిరపరచినది. 2007-08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమము మొదలైనది. 2008 అక్టోబరు 2వ తేదీనుండి బహిరంగస్థలములలో పొగత్రాగుటను గట్టిగా నిషేధించు నియమములు వచ్చినవి. 2016నుండి సిగరెట్టుపెట్టె ముఖమున నూటికి 85 వంతులు రోగచిత్రమును హెచ్చరికవ్రాతయు కలిసి ఆక్రమించుచున్నవి. 2019లో ఇ-సిగరెట్టులను తయారుచేయుటయు అమ్ముటయు నేరమని శాసించిరి. 2023లో పొగాకురహిత యువత యను ప్రచారమును ప్రారంభించిరి. చట్టములకు కొదువ లేదు. ఉత్తరువులకు కొదువ లేదు. ఊరేగింపులకు అంతకంటెను కొదువ లేదు.

ఫలమును కొంత కలిగినది. 2009లో పదుమూడు మొదలు పదునైదేండ్ల విద్యార్థులలో నూటికి 14.6 వంతులవారు ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండగా, 2019 నాటి ప్రపంచ యువజన పొగాకు సర్వేలో ఆ సంఖ్య 8.5కు దిగినది. ఈ తగ్గుదలను లేదనుట న్యాయము గాదు. అయితే ఆ సర్వేలోనే ఊరేగింపులలో ఎవ్వరును చదువని అంకెలు మరికొన్ని కలవు. సిగరెట్టు త్రాగినవారిలో నూటికి 38 మందియు, బీడీ త్రాగినవారిలో 47 మందియు, పొగలేని పొగాకు వాడినవారిలో 52 మందియు తమ పదియవ పుట్టినరోజు రాకముందే దానిని అలవరచుకొన్నవారు. చదువరులు ఈ వాక్యమును మరియొకమారు చదువగోరుదును. పదియేండ్లనగా నాలుగవ తరగతియో, ఐదవ తరగతియో. పదునారవ యెక్కము ఇంకను నోటికి రాని వయస్సు. మనము తొమ్మిదవ తరగతిలో ప్రతిజ్ఞ చేయించుచున్నాము. వ్యసనము మూడవ తరగతిలోనే బడిలో చేరినది.

ఇంత పసివానికి పొగాకు ఎక్కడ దొరకినది? అతడు తోటలో ఆకు కోసి యెండబెట్టలేదు. కంపెనీకి ఉత్తరము వ్రాసి తెప్పించుకొనలేదు. పొగత్రాగు విద్యార్థులలో ఎక్కువమంది తాము అంగడిలో కొనుచున్నామనియే ఆ సర్వేవారితో చెప్పిరి. వాడు నాణెమును చాచెను, కిళ్లీకొట్టువాడు పుచ్చుకొనెను. నేరమంతయు ఈ రెండు చేతుల నడుమ అరనిమిషములో జరిగిపోయినది. కావున ప్రయత్నమంతయు ఆ రెండు చేతులలో ఏదో యొకదానిని పట్టుకొనవలెను. ప్రభుత్వము చిన్నచేతిని పట్టుకొని హితోపదేశము చేయుచున్నది, పెద్దచేతిని వదలిపెట్టినది. నా ఫిర్యాదు ఇంతియే.

ఇది అతిశయోక్తి యనుకొనువారు పాఠశాలలకు వచ్చిన మార్గదర్శకములను చూడవచ్చును. 2008లో మొదట వెలువడి, 2019లో సవరింపబడిన ఆ నియమావళి ప్రకారము పొగాకురహిత విద్యాలయమనిపించుకొనుటకు చేయవలసిన పనులన్నియు ఉపాధ్యాయునివే. గోడపై పలకలు కట్టవలెను, సభలు జరుపవలెను, విద్యార్థులలో పర్యవేక్షకులను నియమింపవలెను, ప్రహరీనుండి నూరు గజములు కొలిచి గుర్తు పెట్టవలెను. ఇక్కడ విక్రయము నిషిద్ధమను పలకను విద్యాలయమే వ్రేలాడదీయవలెనని 2009 నాటి నియమము. దొంగతనము చేయరాదను శాసనమును దొంగ వాకిట గాక, దోపిడియైన యింటి గోడపై వ్రాయించుట యను న్యాయము మన తర్కశాస్త్రమున నెక్కడను కనబడదు. మేము గీతను గీయుదుము. పసుపురంగు మా చేతులకే అంటును. ఆ గీతకు లోపల దుకాణమున్నచో దానిని తీయించు అధికారము మాత్రము మాకు లేదు. ఉన్నవారికి తీరిక లేదు.

మే 31వ తేదీ ప్రపంచ పొగాకు వ్యతిరేక దినము. ఆ దినమున విద్యార్థులచే ప్రతిజ్ఞ చేయింపుడని ఏటేట వినుచుందుము. ఆంధ్రదేశమునను తెలంగాణమునను ఆనాటికి బడులు వేసవిసెలవులలో నుండును. జూను రెండవ వారమునకు గాని తలుపులు తెరవబడవు. ఖాళీ బల్లలచే ప్రతిజ్ఞ చేయించు విద్య నాకు చేతగాదు. (సెలవులలో కిళ్లీకొట్టునకు మాత్రము సెలవు లేదు.)

ఇక ఆ రోగచిత్రముల సంగతి. కుళ్లిన నోటి బొమ్మ చూడగానే ఒడలు జలదరించును. పెద్దవానిని గూడ ఒక క్షణమాపును. ఆ బొమ్మ పెట్టెపై నున్నది. పసివాడు పెట్టె కొనడు, కొనలేడు. వాడు కొనునది విడిసిగరెట్టు. అంగడివాడు పెట్టెను బల్లక్రింద నుంచుకొని, రెండు వ్రేళ్లతో ఒకటి తీసి యిచ్చును. ప్రక్కనే త్రాటికి వ్రేలాడు లైటరుతో నిప్పునిచ్చును. అక్షరము లేదు, బొమ్మ లేదు, హెచ్చరిక లేదు. నూటికి 85 వంతుల స్థలమునకై న్యాయస్థానములలో కంపెనీలతో జరిగిన పోరాటమంతయు ఈ ఒంటి సిగరెట్టు ముందర వ్యర్థమైనది. పెట్టెపై నెంత పన్ను వేసినను, అది ఇరువది ముక్కలుగా విడిపోయి, బాలుని చేతిఖర్చునకు అందునంత చిన్నదగుచున్నది. హెచ్చరికను ఎనుబదియైదు వంతులు గాక నూరు వంతులు చేసినను ఈ రంధ్రము పూడదు.

పూడ్చుట అసాధ్యమా? హిమాచలప్రదేశమువారు 2016లో విడిసిగరెట్టులను విడిబీడీలను అమ్మరాదని ప్రత్యేకముగా చట్టము చేసిరి; పొగాకు అమ్ము ప్రతి దుకాణమును నమోదు చేయించుకొనవలెననియు అందే విధించిరి. మహారాష్ట్రమువారు 2020లో విడి అమ్మకమును నిషేధించిరి. కర్ణాటకమువారు 2025లో అమలునకు తెచ్చిన సవరణచే కొనువాని వయస్సును 21కిని, జరిమానాను వేయి రూపాయలకును పెంచిరి. దేశమంతటికి నొక్కటిగా విడి అమ్మకపు నిషేధము మాత్రము నేటికిని రాలేదు. 2019 సర్వేలో పొగాకు వాడు విద్యార్థులు అరుణాచలమునను మిజోరమునను నూటికి 58 మంది యుండగా, హిమాచలమున 1.1 వంతు మాత్రమే. ఈ భేదమునకు ఆ చట్టమొక్కటే కారణమని నేననను. కొండకొండకును ఆచారములు వేరు. కాని అంగడిని పట్టుకొన్న రాష్ట్రము నష్టపడలేదని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును.

శిక్షల విచిత్రమును గూడ చూడుడు. బాలునికి సిగరెట్టు అమ్మినవానికి 2003 నాటి చట్టము విధించునది రెండువందల రూపాయల వరకు జరిమానా. ఇరువది పెద్దసిగరెట్టుల పెట్టె యొకటి యిపుడు అంతకు మించిన వెల పలుకుచున్నది. వర్తకుడు జరిమానా కట్టి, రసీదును జేబులో వేసికొని, ఆ బల్లమీదనే మరల అమ్ముకొనవచ్చును. ఇదే పనికి 2015 నాటి బాలన్యాయచట్టపు 77వ విభాగము విధించునది ఏడేండ్లవరకు కఠినకారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాయును! ఒక చట్టము దోమకాటు, రెండవది ఏనుగుకాలు. వీధిమూలను డబ్బాకొట్టు పెట్టుకొని నలుగురిని పోషించుకొను విధవరాలిని ఒక్క బీడీకై ఏడేండ్లు చెరబెట్టుటకు ఏ పోలీసు అధికారికి మనసొప్పును? ఒప్పదు, ఒప్పకుండుటయే మంచిది. అందుచే పెద్దచట్టము పుస్తకములో నిద్రించును, చిన్నచట్టము వీధిలో నవ్వులపాలగును.

జరిమానాకును చెరకును నడుమ నున్న సాధనము లైసెన్సు. పొగాకు అమ్మదలచినవాడు పురపాలకసంఘమువద్దనో పంచాయతీవద్దనో అనుమతి పొందవలెను. బాలునికి అమ్మినట్లు తేలినచో ఆ అనుమతి పోవలెను. వానికి చెర వలదు. ఆ యొక్క సరుకు అతని బల్లమీదనుండి తొలగిన చాలును. ఇది నా కల్పన గాదు. 2017 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యమంత్రిత్వశాఖవారే రాష్ట్రములకు ఈ సలహా వ్రాసిరి. అందొక మంచి మాట కలదు: పొగాకు అమ్ము అంగడిలో మిఠాయిలు, బిస్కత్తులు, చిప్సు మొదలగు పిల్లల తినుబండారములు అమ్మరాదట. ఈ ఆలోచన చేసిన అధికారి యెవరోగాని కిళ్లీకొట్టునెదుట కొంతసేపు నిలుచుండి చూచినవాడై యుండవలెను. చాక్లెట్టు సీసాయు సిగరెట్టుపెట్టెయు నొకే బల్లమీద, బాలుని కంటియెత్తున నుండును. పొడుగు పొడుగు దండలుగా వ్రేలాడు పొట్లములలో ఏది వక్కపొడియో, ఏది పాన్‌మసాలాయో, ఏది ఖైనీయో వానికి తెలియదు. చాక్లెట్టునకు పోయినవాడు ఆ దారిలోనే రెండవదానికిని పోవును. అంగడులు వేరైనచో దారియు వేరగును. సలహా వ్రాసి యేండ్లు గడచినవి. సలహాయనగా వినిన వినవచ్చును, వినకున్న మానవచ్చును. చట్టమైనచో వినవలసి వచ్చెడిది.

ఆక్షేపణలు లేకపోలేదు. చిరువర్తకుని పొట్టకొట్టుదురా యని యొకరు. బీడీలు చుట్టు నిజామాబాదు, జగిత్యాల ప్రాంతపు స్త్రీల గతి యేమని యొకరు. ప్రకాశము, నెల్లూరు సీమల వర్జీనియా రైతు మాటయేమని మరియొకరు. గుంటూరులో 1976నుండి పొగాకు బోర్డు పనిచేయుచున్న దేశమున ఈ ప్రశ్న సహజమే. వర్జీనియా పంటలో పెద్దభాగము ఓడలెక్కి విదేశములకు పోవుచున్నది; మన వీధిబడి పిల్లవాడు కొనుటచే ఆ రైతు బ్రదుకుట లేదు. బీడీకార్మికురాలికి కూలి చాలదు, నడుము నిలువదు, ఊపిరి సరిగా నాడదు. ఆమెకు వేరొక జీవనము చూపవలసిన భారము ప్రభుత్వముపై నున్నది. ఆమె పేదరికమును చూపి ఆమె కొడుకునకే బీడీ అమ్ముకొనుట దయ యనిపించుకొనదు. పిల్లలు చేరనిదే ఈ వ్యాపారము నిలువదందురా? ఆ మాటను పైకి చెప్పుడు. వినిన పిమ్మట మేము వాదమే మానెదము.

ప్రభుత్వపు మెత్తదనమునకు మరియొక కారణమును కలదు. దేశమునందలి అతిపెద్ద సిగరెట్టు కంపెనీలో నూటికి సుమారు 15 వంతుల వాటా భారత జీవితబీమా సంస్థది. మన జీవితములకు పూచీ వహించిన సంస్థ మన ఊపిరితిత్తుల నల్లదనమునుండి లాభమును పంచుకొనుచున్నది. పన్ను సరేసరి. ఒక చేతితో పలకను వ్రేలాడదీసి, రెండవచేతితో లాభాంశము పుచ్చుకొనువాడు మూడవచేతితో అంగడిని మూయించునని నేనాశింపను; కావుననే గృహస్థులను ఉద్దేశించి వ్రాయుచున్నాను.

వారినిగూర్చియు ఒక మాట. గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము వెంకటేశమునకు నేర్పిన చదువులో చుట్టకాల్చుట యొక్కటియే శిష్యునికి పట్టుబడినది. 1892నుండి మన మా ఘట్టమును చూచి నవ్వుచునే యున్నాము. నేడు మన యిండ్లలో ఆ గురుస్థానమున తండ్రి యున్నాడు. ఆయన నోటితో ఏమియు బోధింపడు. పడకకుర్చీనుండి లేవకుండ, "ఒరే, మూలకొట్టుకు పోయి నా సిగరెట్టు తెచ్చిపెట్టు; చిల్లర నువ్వుంచుకో" అనును. ఆ యొక్క పనితో వానికి అంగడిదారి తెలిసినది, రకముల పేర్లు తెలిసినవి, వెల తెలిసినది, అంగడివానితో చనువు కుదిరినది. పైగా కూలియు దక్కినది. తల్లి వంటయింటినుండి వినుచునే యుండును. ఇక మిగిలినది అగ్గిపుల్ల గీయుట మాత్రమే.

తండ్రికొరకు కొనినను చట్టము దృష్టిలో అది బాలునికి చేసిన అమ్మకమే. కొనువాడు బాలుడు కాడని నిరూపించు భారము అమ్మువానిపై నున్నదని 2004 నాటి నియమములు చెప్పుచున్నవి. నాన్న పంపినాడను మినహాయింపు వానిలో నెక్కడను లేదు. దీనిని తెలిసికొని, పిల్లవానికి ఇవ్వనని త్రిప్పిపంపిన అంగడివాని నొకనిని నేనెరుగుదును. కొంతసేపటికి తండ్రియే వచ్చి, తన కొడుకును అవమానించితివని వీధిలో నలుగురు వినునట్లు కేకలువేసెను. ఆయన పట్టభద్రుడు, సంఘసంస్కరణమునుగూర్చి సభలలో మాటలాడువాడు. మరునాటినుండి అంగడివాడు మారుమాటాడక పిల్లవానికే యిచ్చుచున్నాడు.