బీరువా తాళంచెవి ఎవరిది?

మీ బడిలో పుస్తకాల బీరువా ఉందా? ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

నిజానికి ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు అంతగా లేదు. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో ఆ తాళంచెవి నా జేబులోనే ఉండేది. పుస్తకం పోతే డబ్బు నేనే కట్టుకోవాలేమోనన్న భయంతో ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. ఒక వానాకాలం తలుపు తీసి చూద్దును కదా, కింది అరలోని పుస్తకాలన్నీ చెదలు తినేశాయి! పిల్లలకు దక్కనిది చెదలకు దక్కింది. ఆనాటి సిగ్గు ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. 200 పుస్తకాలున్నాయి. ఒక్కొక్కటి రెండు వారాలకోసారి చేతులు మారితే పది నెలల్లో సుమారు 20 మంది చదువుతారు. మొత్తం 4,000 చదువులు! పది పుస్తకాలు పోయాయే అనుకోండి, నష్టం పదే. తాళం వేసి ఉంచితేనో? పుస్తకాలు 200, చదువులు సున్నా.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో 2002 ప్రాంతంలో కరువు వచ్చింది. విలియం కాంక్వాంబా అనే కుర్రవాడు ఫీజు కట్టలేక హైస్కూలు మానేశాడు. కాని ఊళ్లోని ప్రాథమిక పాఠశాల గ్రంథాలయం అతణ్ణి రావద్దనలేదు. అక్కడి సైన్సు పుస్తకంలో గాలిమర బొమ్మ చూశాడు. పాత సైకిలు, డైనమో, ట్రాక్టరు ఫ్యాను సంపాదించి గాలిమర కట్టి, ఇంట్లో దీపం వెలిగించాడు. గమనించారా? అప్పుడతడు ఆ బడి విద్యార్థి కాడు. ‘మా పిల్లలకు మాత్రమే’ అని ఉంటే ఆ దీపం వెలిగేదా?

అందుకే, బడి గ్రంథాలయం ఊరందరిదీ కావాలంటాను. మనవారికిది కొత్త కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైన పెద్దలు బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి దగ్గర కాలువలో పడవ మీద పుస్తకాలను జనం దగ్గరకే పంపించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో గ్రంథాలయం ఉండాలంటోంది. అయితే బీరువా తలుపు తీయవలసింది మనమే.

మా అనకాపల్లిలో బెల్లం దిమ్మలు మోసే కలాసీ, చెరకు పండించే రైతు, కొట్టు నడిపే షావుకారు, అందరి పిల్లలూ చదువుకునేవారే. ఆదివారం రెండు గంటలు బడి గ్రంథాలయం తెరిస్తే వీరంతా రాలేరా? రిటైరైన మాస్టారొకరు కూర్చోలేరా? రిజిస్టరు మీరు రాయండి. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. వారానికోసారి పుస్తకాలు దులపండి. చెదలకు మనుషుల అలికిడి గిట్టదు.

రేపే మీ మాస్టారిని తాళంచెవి అడగండి. భయపడితే నా కథ చెప్పండి.